గోళ్ళరంగు చుక్క

నా నోరు మంచిది కాదు. ఆ సంగతి నాకు ఒకరు చెప్పక్కర్లేదు. కరెంటు మీటరు చూడటానికి వచ్చేవాడి దగ్గర్నుంచి కట్టుకున్న మొగుడి దాకా అందరూ నా చేత మాటలు పడ్డవాళ్ళే. ఇంత నోరున్నదాన్ని, ఒక్క మనిషిని ఒక్క మాట అడగలేక ఇరవై ఎనిమిదేళ్ళు నీళ్ళు నమిలాను. "నేను చేసింది తప్పు, మనసులో పెట్టుకోకు" అని మా ఆడపడుచుని అడగాలి. అంతే. రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకుంటూ ఉండగానే తనకి మతిమరుపు మొదలైంది. నేను అడిగేలోపు ఆ తప్పే మర్చిపోతుందేమోనని నాకు ఒకటే గుబులు పట్టుకుంది.

మా ఆయనకి తనొక్కతే చెల్లెలు. మా పిల్లలు 'టైలరత్త' అని పిలిచేవారు. చివరికి వీధి వీధంతా అదే పేరు ఖాయం చేసింది. మా ముందుగదిలో కిటికీ పక్కన తన కుట్టుమిషను. మెళ్ళో టేపు, చెవి వెనక సుద్దముక్క, పక్కన పాత బిస్కెట్ల డబ్బా నిండా గుండీలు. ఎంత పెద్దమనిషి వచ్చినా ముందు నిలబెట్టి కొలతలు తీసేది. "నడుం దగ్గర టేపు పెట్టగానే అందరూ ఊపిరి బిగబట్టేస్తారు వదినా. అందుకే నేను అడక్కుండా రెండంగుళాలు కలిపేస్తా. ఇంటికెళ్ళాక ఊపిరి తీసుకోవాలిగా పాపం" అనేది. తను కుట్టిన చొక్కా బిగుతైందని తిరిగొచ్చినవాణ్ణి నేను చూడలేదు.

తనకి హెచ్‌ఐవి ఉందని తెలిసింది మొగుడు పోయాక. తెచ్చిపెట్టింది ఆ మహానుభావుడే. పోయినవాణ్ణి ఏమీ అనకూడదంటారు. నేనంటాను. ఇప్పటికీ అంటాను. తను మాత్రం ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. "ఆయనకీ భయం వేసుంటుంది వదినా, అందుకే చెప్పుకోలేకపోయాడు" అనేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

"రెండేళ్ళు. బాగా చూసుకుంటే మూడు" అన్నాడు డాక్టరు. అప్పటికి తనకి ముప్ఫై నాలుగేళ్ళు. మా ఆయన ఇంకో మాట లేకుండా చెల్లెల్నీ, మిషన్నీ రిక్షాలో వేసుకుని ఇంటికి తీసుకొచ్చేశాడు. ఆ డాక్టరు పోయి పదేళ్ళు దాటింది. ఆ వార్త తెలిసిన రోజు తనే అంది, "అయ్యో, చాలా మంచివాడు వదినా. నా విషయంలోనే కొలత తప్పాడు."

ఇక నేను చేసిన పని. ముట్టుకుంటే అంటదు, కలిసి తింటే అంటదు, పళ్ళేలకీ గ్లాసులకీ అంటదు అని ఆ డాక్టరు మొదటిరోజే మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి మరీ చెప్పాడు. నేను చెవులతో విన్నాను. బుర్రకి ఎక్కించుకోలేదు. మా పెద్దాడికి ఏడేళ్ళు, చిన్నదానికి నాలుగు. ఇంట్లో ఆరు స్టీలు పళ్ళేలు, అన్నీ ఒకే రకం. అందులో ఒకటి తీసి, తిరగేసి, అడుగున నా గోళ్ళరంగుతో ఎర్రటి చుక్క పెట్టాను. తను వచ్చిన మర్నాటి నుంచీ ఆ పళ్ళెంలోనే పెట్టాను. అడుగున పెట్టడం ఎందుకంటే తనకి కనపడకూడదని. నా తెలివి తెల్లారినట్టే ఉంది. బట్టని తిరగేసి లోపలి కుట్టు చూడటం తన వృత్తి. తనకి కనపడదా?

భోజనం చేసి, పళ్ళెం కుళాయి కింద కడిగి, తిరగేసింది. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. బొటనవేలితో ఆ చుక్కని ఒకసారి తడిమింది. నా వైపు చూడలేదు. మిగతా అయిదూ ఉన్న అరలో పెట్టకుండా, వంటింటి కిటికీ గట్టు మీద విడిగా బోర్లించింది. చుక్క పైకి కనపడుతూ ఉంది. "వదినా, సాయంత్రానికి చిన్నదాని గౌను అయిపోతుంది" అని మిషను దగ్గరికి వెళ్ళిపోయింది. నేను అప్పుడే ఆ పళ్ళెం తీసి అరలో పడేసి ఉంటే ఈ కథంతా ఉండేది కాదు.

తనకి తనే ఇంకా చాలా కట్టుబాట్లు పెట్టుకుంది. టైలర్లు దారాన్ని పళ్ళతో తెంపుతారు. తనూ అలాగే తెంపేది. ఆ రోజు నుంచీ మెళ్ళో టేపుతో పాటు చిన్న కత్తెర వేలాడేది. సూది గుచ్చుకుంటే పని ఆపేసి, వేలికి గుడ్డ చుట్టి, బట్టని వెలుతురులో పెట్టి అంగుళం అంగుళం వెతికేది. చుక్క పడిందని అనుమానం వస్తే చాలు, కొత్త గుడ్డ తెచ్చి మళ్ళీ మొదట్నుంచీ కుట్టేది. పిల్లలు పరిగెత్తుకొచ్చి మీద పడితే రెండు చేతులూ పైకెత్తేసేది, "సూదులున్నాయి, సూదులున్నాయి" అంటూ. ఎత్తుకోలేదు, ముద్దు పెట్టుకోలేదు. కాకపోతే నెలకోసారి చిన్నదాన్ని పిలిచి కొలతలు తీసేది. "నెలకే ఏం పెరుగుతుందే అది?" అని నేను కసిరేదాన్ని. టేపుని పిల్ల భుజాల చుట్టూ తిప్పి, రెండు కొసలూ కలిపి పట్టుకుని, చదవాల్సిన దానికన్నా ఎక్కువసేపు అలా ఉండిపోయేది. అది ఎందుకో అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మందులొచ్చాయి. మొదట్లో గుప్పెడు మాత్రలు. బుగ్గలు పీక్కుపోయాయి, అరికాళ్ళు మంటలు పుట్టేవి. మొద్దుబారిన కాళ్ళతోనే మిషను తొక్కింది. తర్వాత మంచి మందులొచ్చి రోజుకి ఒక్క మాత్ర అయింది. సాయంత్రం మిషను మూసేసి, అన్నం తిని, వేసుకునేది. ఒక్కరోజు తప్పలేదు. నా బీపీ మాత్ర నేను వారానికి మూడుసార్లు మర్చిపోతాను. గిరాకీలు ఎవరైనా చూసి అడిగితే "బలానికండీ" అనేది. రక్తంలో వైరస్ కనపడనంత తగ్గిపోయిందనీ, తన వల్ల ఇంక ఎవరికీ భయం లేదనీ క్లినిక్‌లో నర్సమ్మ చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఇంటికొచ్చాక అడగాలనుకున్నాను. తను చెయ్యి కడుక్కుని కిటికీ గట్టు మీంచి పళ్ళెం తీసుకుంటే, నేను అందులోనే అన్నం వడ్డించేశాను.

అప్పుడు ఒక ఉపాయం తోచింది. ఆ చుక్క నేను పెట్టింది ఒక్కసారే. గోళ్ళరంగు ఎన్నాళ్ళుంటుంది? తోమగా తోమగా అదే పోతుంది. పళ్ళేలు కలిసిపోతాయి. నేను నోరు విప్పక్కర్లేదు. ఇలా అనుకుని ఎదురుచూశాను. ఏడాది, రెండేళ్ళు, అయిదేళ్ళు. చుక్క చెక్కుచెదరలేదు. ఆ రంగు చేసినవాణ్ణి మనసులో మెచ్చుకున్నాను కూడా.

ఒకరోజు గుండీల డబ్బా నా చెయ్యి తగిలి కింద పడింది. గుండీలతో పాటు ఒక చిన్న సీసా దొర్లింది. ఎర్రటి గోళ్ళరంగు. నాది కాదు. నాది ఎప్పుడో ఎండిపోతే పారేశాను. తన గోళ్ళకి ఏనాడూ రంగు లేదు. చుక్క అరిగిపోయినప్పుడల్లా తనే మళ్ళీ దిద్దుకుంటోందని నాకు అప్పుడు తెలిసింది.

కాళ్ళ మీద పడాల్సిన మనిషిని, ఏం చేశానో తెలుసా? అరిచాను. "గుండీల డబ్బాలో ఈ చెత్తంతా ఎందుకు పెడతావే? ఏది ఎక్కడుండాలో తెలీదా నీకు?" అన్నాను. తను కిందకి వంగి, సీసా మూత గట్టిగా బిగించి, మళ్ళీ డబ్బాలోనే పెట్టుకుంది. "సరే వదినా, సర్దుతాలే" అంది.

తను ముసలిదవుతుందని ఎవరూ అనుకోలేదు, తను అసలే అనుకోలేదు. మొదటి తెల్ల వెంట్రుక కనపడ్డ రోజు అద్దం దగ్గర్నుంచి పరుగున వచ్చింది. "చూడు వదినా, చూడు! నాకూ వచ్చింది!" అని, పరీక్షలో ఫస్టొచ్చిన పిల్లలా ఊగిపోయింది. కళ్ళజోడు వస్తే సంబరం. మోకాళ్ళ నొప్పులొస్తే, "అబ్బ, నిన్ను చూసి ఎన్నాళ్ళు కుళ్ళుకున్నానో, ఇప్పటికి సమానమయ్యాం" అని నన్ను ఏడిపించేది. పిల్లలు పెళ్ళిళ్ళై వెళ్ళిపోయారు. ఆరేళ్ళ క్రితం మా ఆయన కూడా వెళ్ళిపోయాడు. ఇంట్లో మిగిలింది మేమిద్దరం, ఆరు పళ్ళేలు. ఇద్దరే ఉన్న ఇంట్లో కూడా తన పళ్ళెం కిటికీ గట్టు మీదే ఉండేది. ఎవరి కోసం అని నేను అడగలేదు.

రెండేళ్ళ క్రితం బడిపంతులు ఒకాయన చొక్కా పట్టుకుని నవ్వుతూ వచ్చాడు. రెండు చేతులూ ఎడమవే కుట్టింది. తనూ నవ్వింది, "మీరు ఎడమచేత్తో కూడా కొడతారేమో అనుకున్నా పంతులుగారూ" అని. ఆయన వెళ్ళాక చొక్కా ఒళ్ళో పరుచుకుని, దాని చేతులు రెండూ మార్చి మార్చి చూసింది. తర్వాత మెల్లిగా అడిగింది, "వదినా, ఇందులో ఎడమది ఏది?"

క్లినిక్‌కి తీసుకెళ్ళాను. అక్కడి నర్సమ్మ కూడా మాతో పాటే ముసలిదైంది. ఏవేవో బొమ్మలు గీయించారు, లెక్కలు అడిగారు. "ఈ జబ్బుతో ఇంత వయసు వరకు వచ్చినవాళ్ళని చూడటం మాకూ కొత్తేనమ్మా" అంది నర్సమ్మ. "జబ్బు వల్లా, పాత మందుల వల్లా, వట్టి వయసు వల్లా అంటే తేల్చి చెప్పలేం. మర్చిపోవడం మాత్రం ఆగదు. ఏదైనా మాట్లాడుకోవాల్సింది ఉంటే ఇప్పుడే మాట్లాడుకోండి." ఆ చివరి మాట నా కోసమే అన్నట్టుంది. దారిపొడుగునా అడుగుదామనే అనుకున్నాను. ఇంటికి రాగానే కుళాయి కారుతోందని ప్లంబరుతో గొడవ పెట్టుకుని ఆ రోజు గడిపేశాను.

ముందు కొలతలు పోయాయి. తర్వాత అన్న పోయిన సంగతి పోయింది. "అన్నయ్య ఇంకా రాలేదేం?" అని గేటు దగ్గర నిలబడేది. నాలుగు నెలల క్రితం ఒక సాయంత్రం మాత్ర చేతిలో పెడితే, తిప్పి తిప్పి చూసి అడిగింది.

"ఇది దేనికి వదినా?"

వేళాకోళమనుకున్నాను. మొహం చూస్తే కాదు. ఇన్నేళ్ళుగా తన ఒంట్లో కాపురమున్న జబ్బు తన బుర్రలోంచి ఖాళీ చేసి వెళ్ళిపోయింది.

"బలానికి" అన్నాను.

"అవునా? మంచిదేగా" అని మింగేసింది.

అక్కడి నుంచీ తనలో ఒక మార్పు కనపడింది. తేలికైపోయింది. దారం పళ్ళతో తెంపడం మళ్ళీ మొదలుపెట్టింది. చుక్క దిద్దడం మర్చిపోయింది. ఆ చుక్క అరిగి అరిగి గోరంత మరకై, ఒకరోజు ఆ మరకా పోయింది. కడిగిన పళ్ళెం తీసుకెళ్ళి మామూలుగా అరలో పెట్టేసింది. ఆరు పళ్ళేలూ ఒక్కచోట. నేను వాటిని చూస్తూ నిలబడ్డాను. ఆ ఆదివారం మా చిన్నది తన కూతుర్ని తీసుకుని వచ్చింది, ఏడాది పిల్ల. పాక్కుంటూ వెళ్ళి టైలరత్త కాళ్ళు పట్టుకుంది. తను వంగి, ఎత్తుకుని, రెండు బుగ్గల మీదా గట్టిగా ముద్దు పెట్టుకుంది. మా చిన్నది నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. "అమ్మా, నన్నెప్పుడూ ఎత్తుకోలేదే" అంది.

నేను కోరుకున్నదంతా జరిగిపోయింది. చుక్క పోయింది, పళ్ళేలు కలిశాయి, పిల్ల ఒళ్ళోకి వచ్చింది. నోరు మూసుకుని కూర్చుంటే సరిపోయేది. కానీ నాకు మనశ్శాంతి కావాల్సొచ్చింది. తను మర్చిపోతే నన్ను క్షమించేదెవరు? పూర్తిగా పోకముందే అడిగేయాలని ఒక మధ్యాహ్నం పక్కన కూర్చున్నాను. తను గుండీలు రంగుల వారీగా వేరు చేస్తోంది.

"అమ్మాయ్, నేను నీకొక తప్పు చేశాను."

"నువ్వా? తిట్టుంటావులే. అది తప్పు కాదు, నీ అలవాటు" అని నవ్వింది.

"అది కాదు. నీ పళ్ళేనికి చుక్క పెట్టాను. వేరే పెట్టాను నీ పళ్ళెం."

"ఎందుకు?"

ఎందుకో చెప్పకుండా క్షమించమని ఎలా అడగను? ఆ సంగతి నాకు నోరు తెరిచాక గాని తట్టలేదు. ఆపేయాల్సింది. నా నోరు ఆగితేగా. చెప్పేశాను. జబ్బు పేరు చెప్పాను. మొగుడి సంగతి చెప్పాను.

గుండీలు తన చేతిలోంచి జారిపోయాయి. ఇరవై ఎనిమిదేళ్ళ నాడు ఆ డాక్టరు గదిలో చూసిన మొహం, అదే మొహం, ముడతలతో నా ముందుకొచ్చింది. తనకి అది పాత సంగతి కాదు. అప్పుడే, ఆ నిమిషంలోనే, నా నోటి నుంచి విన్న వార్త.

"ఎన్నాళ్ళన్నారు వదినా?"

"ఎన్నాళ్ళూ లేదు. నీకేం కాలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు బతికావు, ఇంకా బతుకుతావు."

అది వినిపించుకోలేదు. "పిల్లలో?" అంది. "పిల్లలకి అంటదు కదా? పెద్దాడు నా మంచినీళ్ళ గ్లాసు తీసుకుంటాడే!"

"అంటదే తల్లీ. పళ్ళేలకీ గ్లాసులకీ అంటదు. ముట్టుకుంటే అంటదు. ఒట్టు." మొదటిరోజు నేను అనాల్సిన మాటలన్నీ అన్నాను. తన రెండు చేతులూ పట్టుకుని మరీ అన్నాను. తను చెవులతో వింది. నాలాగే, బుర్రకి ఎక్కించుకోలేదు. చేతులు మెల్లిగా విడిపించుకుంది.

"చుక్క పెట్టావుగా, మంచి పని చేశావు వదినా" అంది. "పిల్లలున్న ఇల్లు."

క్షమించమని అడగబోతే మెచ్చుకుంది. ఆ మెప్పుతో ఏం చేసుకోను నేను?

తెల్లారేసరికి అంతా మర్చిపోయింది. జబ్బు పేరు తెలీదు, మొగుడి పేరు తెలీదు, మేం మాట్లాడుకున్నట్టే తెలీదు. బతికిపోయాననుకున్నాను. అయితే భయం మాత్రం పోలేదు. దేనికి భయమో తెలీదు, భయం ఉంది. మిషను దగ్గర దారం తెంపబోయి, పళ్ళ దాకా తీసుకెళ్ళి ఆగిపోయింది. ఆదివారం పిల్ల పాక్కుంటూ వస్తే తన రెండు చేతులూ పైకి లేచిపోయాయి. "సూదులున్నాయి, సూదులున్నాయి" అంటోంది. దగ్గర్లో ఒక్క సూదీ లేదు. పిల్ల కాసేపు చూసి, బిక్కమొహం వేసి, నా దగ్గరికి వచ్చేసింది.

ఆ మధ్యాహ్నం భోజనానికి కూర్చోలేదు. అరలో పళ్ళేలన్నీ దించింది. ఒక్కొక్కటే తిరగేసి, అడుగు చూసి, పక్కన పెడుతోంది. ఆరూ చూసింది. మళ్ళీ మొదట్నుంచీ చూసింది.

"ఏం వెతుకుతున్నావే?"

"నాది ఏది వదినా?"

"అన్నీ నీవే. ఏదో ఒకటి తీసుకో."

"కాదు. నాదొకటి ఉండాలి. వేరేది."

"ఎందుకు వేరేది?"

ఆలోచించింది. పాపం, చాలా కష్టపడి ఆలోచించింది. "ఏమో" అంది. "వీటిలో తినకూడదు. అంతే."

బతిమాలాను, కసిరాను. నా పళ్ళెంలోంచి కలిపి ముద్ద నోటికి అందించాను. పెదాలు బిగించి మొహం తిప్పేసుకుంది. ఆ పూట తినలేదు. రాత్రి తినలేదు. మర్నాడు మంచినీళ్ళు కూడా దోసిలి పట్టి కుళాయి దగ్గరే తాగింది. తిండి తింటేగాని తను వేసుకోని మాత్ర అది. ఇన్నేళ్ళలో తప్పని మాత్ర రెండు రోజులు తప్పింది. నర్సమ్మకి ఫోను చేశాను. "కారణాలు అడక్కండమ్మా. తనకి ఏది ఊరటో అది చెయ్యండి. ముందు తిననివ్వండి" అంది.

వీధి చివర దుకాణానికి వెళ్ళి గోళ్ళరంగు కావాలన్నాను. అరవై ఆరేళ్ళదాన్ని చూసి అక్కడి పిల్ల లేతరంగులు తీసి చూపించింది. "ఎరుపు" అన్నాను. ఇంటికొచ్చి ఒక పళ్ళెం తీసి బల్ల మీద బోర్లించాను. తను పక్కకొచ్చి కూర్చుంది. మొదటిసారి పెట్టినప్పుడు వంటింట్లో ఎవరూ చూడకుండా పెట్టాను. ఈసారి తను చూస్తూ ఉండగానే కుంచె ఆనించాను. చుక్క సరిగ్గా పడలేదు.

ఎవరి తప్పుకి ఎవరు శిక్ష వేస్తారో నాకు తెలీదు. నాకు మాత్రం ఇదే పడింది. ఇంకెప్పుడూ తనని ఏమీ అడగను.

తను చుక్క వైపు వంగి చూసింది. రెండు రోజుల తర్వాత ఆ మొహంలో కాస్త నెమ్మది కనపడింది. పళ్ళెం ఇంకా నా ముందే ఉంది. దాన్ని తన వైపు జరుపుకుని, చుక్కని వేలితో చూపించింది.

"ఇంకొంచెం పెద్దదిగా పెట్టు వదినా" అంది. "పిల్లలకి కనపడాలి."

పెట్టాను.